జనవరిలో పొంగిన కప్ కేకులు మే నెలలో ఎందుకు కుంగిపోతున్నాయి?

పానగల్లు పిల్ల
సంక్రాంతి సెలవుల్లో మొదటిసారి వెనిల్లా కప్ కేకులు చేశాను. పన్నెండుకు పన్నెండూ పొంగాయి. పైన లేత గోధుమ రంగు తేలి, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచాయి. పక్కింటామె ఏ బేకరీలో తెచ్చినవ్ అని అడిగింది. అదే కొలత, అదే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), అదే ట్రే, అదే కిరాణం షాపు మైదా. నిన్న చేస్తే అన్నీ పాడయ్యాయి. మధ్యలో గుంట పడింది. కింద కాగితం కప్పు జిడ్డు పీల్చి అవతల వేలు కనిపించేలా అయింది. కొరికితే ముద్ద. అత్తమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని "పిండి పచ్చిగనే ఉన్నట్టుంది బిడ్డా" అన్నది. పచ్చి కాదు, టూత్‌పిక్ గుచ్చితే శుభ్రంగానే వచ్చింది.

పన్నెండింటికి నా కొలతలు ఇవి: మైదా 190 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీ స్పూన్లు, ఉప్పు లేని బటర్ 115 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, గుడ్లు రెండు, పాలు 120 మిల్లీలీటర్లు, వెనిల్లా ఎసెన్స్ ఒక టీ స్పూన్. ఓటీజీ 175 డిగ్రీల మీద 20 నిమిషాలు. నిన్న 24 కావాలని అన్నీ రెట్టింపు చేసి ఒకేసారి కలిపి, రెండు వాయిలుగా పెట్టాను. మొదటి వాయి కొంచెం నయం. రెండో వాయి పూర్తిగా కుంగిపోయింది.

వచ్చే ఆదివారం బాబు పుట్టినరోజు. సెలవులు కదా, వాడి దోస్తులంతా ఇంటికే వస్తారు. బేకరీ నుంచి తెప్పిద్దామని ఇంట్లో అందరూ అంటున్నారు. వాడు మాత్రం "అమ్మ చేసినవే కావాలి" అని కూర్చున్నాడు. ఎక్కడ తప్పు జరిగిందో ఎవరైనా చెప్పండి.

సాగర్ కట్ట
బేకింగ్ పౌడర్ డబ్బా ఎప్పటిది? జనవరిలో తెరిచినదే అయితే దాని పని అయిపోయి ఉంటుంది. అర కప్పు వేడి నీళ్ళలో ఒక చెంచా వేసి చూడండి. బుసబుసా నురగ రావాలి. నీళ్ళు ఊరుకుంటే డబ్బా పారేయాల్సిందే.

పానగల్లు పిల్ల
ఇప్పుడే వేసి చూశాను అన్నా. మంచిగానే నురగ వచ్చింది.

పాలమూరు వదిన
పిండి ఎక్కువ కలిపినవేమో. మైదా తడి తగిలినంక ఎంత తిప్పితే అంత సాగుతది. చపాతీకి అది మంచిదే, కేకుకు కాదు. పిండి కనిపించకుండా పోయినంక ఇంక గంటె ముట్టుకోవద్దు. నేను మొదట్లో బీటర్‌తో అయిదు నిమిషాలు తిప్పేదాన్ని. కేకులు రబ్బరు లెక్క వచ్చేవి.

పానగల్లు పిల్ల
లేదు వదినా, మైదా వేశాక చేత్తోనే మడతపెట్టినట్టు కలిపాను, జనవరిలో కలిపినట్టే. రబ్బరులా సాగడం లేదు. బరువుగా, జిడ్డుగా ఉన్నాయి.

గద్వాల కరెంటు
నా అనుమానం ఓల్టేజీ మీద. ఎండాకాలం సాయంత్రం ఏసీలు, కూలర్లు, మోటార్లు అన్నీ ఒక్కసారే నడుస్తాయి. 230 రావాల్సిన చోట 190 వస్తుంది. ఓటీజీలో ఉన్నవి ఉత్త రాడ్లే, ఓల్టేజీ తగ్గితే వేడి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. 190 మీద మూడో వంతు దాకా శక్తి పోయినట్టే. మామూలుగా పది నిమిషాల్లో వేడెక్కే ఓటీజీకి పదిహేను, ఇరవై పడుతుంది. మీరు గడియారం చూసి పది నిమిషాలు కాగానే ట్రే లోపల పెట్టారంటే అది చల్లటి పొయ్యిలో పెట్టినట్టే. మా దుకాణానికి ఓటీజీ రిపేరుకు తెచ్చే వాళ్ళలో సగం మందిది ఇదే సంగతి. మిషన్‌లో ఏ లోపమూ ఉండదు.

వనపర్తి టీచరమ్మ
కరెంటు తమ్ముడు చెప్పింది నిజమే, కానీ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉంది కదా. ఆలస్యంగానైనా 175కు చేరుస్తుంది. నిమిషాలు లెక్కపెట్టకుండా ఎర్ర లైటు ఆరేదాకా ఆగితే చాలు. అమ్మాయీ, నిన్న ఏ టైంకు చేశావు? లైటు ఆరిందా?

పానగల్లు పిల్ల
మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టాను టీచరమ్మా. లైటు ఆరాకే పెట్టాను, అది బాగా గుర్తుంది.

మిర్యాలగూడ బియ్యం
కప్పుతో కొలిచారా, తూచారా? మా ఇంట్లో అసలు గొడవంతా కప్పు దగ్గరే. కప్పును మైదాలో ముంచి తీస్తే 150 గ్రాములు వస్తుంది. చెంచాతో పోసి పైన చదును చేస్తే 125. రెండు కప్పుల దగ్గరే 50 గ్రాముల తేడా. ఇక చాయ్ కప్పుతో కొలిచే వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

పానగల్లు పిల్ల
తూచాను అన్నా. మామయ్య వాళ్ళ మందుల షాపు త్రాసు ఇంట్లోనే ఉంది.

వనపర్తి టీచరమ్మ
మధ్యాహ్నం మూడు అన్నావు. ఇంకో మాట చెప్పు. బటర్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి ఎంతసేపు బయట పెట్టావు?

పానగల్లు పిల్ల
వంటకంలో రాసినట్టే గంటసేపు. రూం టెంపరేచర్‌లో మెత్తబడాలని రాశారు. జనవరిలోనూ గంటే పెట్టాను.

పానగల్లు పిల్ల
ఆగండి. నిన్న గిన్నె అంచున నెయ్యిలా కరిగి ఉంది. మెత్తబడింది కదా, ఇంకా మంచిదే అనుకున్నాను.

కొల్లాపూర్ మామిడి
దొరికింది దొంగ.

వనపర్తి టీచరమ్మ
అదే అమ్మా, తప్పంతా అక్కడే ఉంది. కొంచెం వివరంగా రాస్తాను. ఇది అర్థమైతే మన ఊళ్ళలో ఎండాకాలం కూడా కేకు చేసుకోవచ్చు.

ఈ వంటకాలు రాసినవాళ్ళు చల్లటి దేశాల వాళ్ళు. వాళ్ళు రూం టెంపరేచర్ అంటే 20 డిగ్రీలు. మన నల్లగొండలో, పాలమూరులో మే నెల మధ్యాహ్నం బయట 44 ఉంటుంది, వంటింట్లో 38కి తక్కువ ఉండదు. బటర్ 32, 35 మధ్యలోనే నూనె అయిపోతుంది. జనవరిలో నీ వంటిల్లు వాళ్ళ వంటింటి లాగే ఉండింది, అందుకే గంట సరిపోయింది. ఇప్పుడు అదే గంటకు బటర్ కరిగి కూర్చుంది.

కరిగితే ఏమవుతుందంటావా? బటర్, చక్కెర కలిపి గిలకొట్టమని ఎందుకు చెబుతారో చూడు. చక్కెర పలుకుల అంచులు గట్టి బటర్‌లో గీసుకుంటూ పోతాయి. గీసిన ప్రతిచోటా ఇంత గాలి చిక్కుకుంటుంది. లక్షల కొద్దీ చిన్న చిన్న బుడగలు. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు, ఉన్న బుడగలను ఊదుతుంది, అంతే. బటర్ నూనెగా మారితే గాలి నిలవడానికి గోడ ఉండదు. చక్కెర అడుక్కు దిగిపోతుంది. నువ్వు ఎంత గిలకొట్టినా అది పసుపు రంగు జావలాగే ఉంటుంది, తెల్లబడదు. నిన్న తెల్లబడిందా? బడి ఉండదు. ఊదడానికి బుడగలే లేని పిండిలోంచి ఆ గ్యాసు పైకి తన్నుకుపోయింది, కేకు మధ్యలో కుంగింది. పట్టు లేని వెన్న కిందికి కారి కాగితానికి పట్టింది.

ఇక రెండో వాయి. పిండి తడవగానే పౌడర్ పని మొదలుపెడుతుంది. 38 డిగ్రీల వంటింట్లో అరగంట వేచి ఉన్న పిండిలో దాని బలం కొంత పోయింది. 24 చేయాలంటే పిండి ఒకేసారి కలపొద్దు. ఒక్కో వాయికి విడిగా కలుపుకో.

పానగల్లు పిల్ల
తెల్లబడలేదు టీచరమ్మా. జనవరిలో మీగడలా తెల్లగా అయింది, నిన్న ఎంత తిప్పినా కాలేదు. బీటర్ పాడైందేమో అనుకున్నాను. మీరు చెప్పినట్టే చక్కెర కూడా అడుగున గరగరలాడింది.

లతీఫ్‌గుట్ట నీడ
టీచరమ్మ పోస్ట్ స్క్రీన్‌షాట్ తీసి మా చెల్లెకు పంపాను. అది రెండేళ్ళుగా ఏప్రిల్‌లో వాళ్ళ ఆయన పుట్టినరోజుకు కేకు చేసి ఏడుస్తోంది.

కొల్లాపూర్ మామిడి
ఇంత కష్టం ఎందుకు? నూనెతో చేయండి. నూనె ఎండకూ వానకూ ఒక్కతీరే ఉంటుంది. కేకు రెండో రోజు కూడా మెత్తగా ఉంటుంది. బటర్ కేకు ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, నూనె కేకు పడదు. నేను పదేళ్ళుగా నూనెతోనే చేస్తున్నాను.

పాలమూరు వదిన
మెత్తగా ఉంటది తమ్మీ, కాదనను. కానీ వెనిల్లా కేకులో ఉండేదే వెన్న రుచి. చాక్లెట్ కేకు అయితే నూనె వేసినా తెలువది. తెల్ల కేకులో ఇట్టే తెలిసిపోతది.

వనపర్తి టీచరమ్మ
రెండూ మంచివే, పద్ధతులే వేరు. నూనెలో గాలి చిక్కదు, కాబట్టి నూనె కేకుకు గుడ్లను చక్కెరతో బాగా నురగ వచ్చేలా కొట్టాలి. బటర్ కొలతలో బటర్ తీసేసి అంతే నూనె పోస్తే మాత్రం నిన్నటిలాగే అవుతుంది. ఈ అమ్మాయి బాబు అడిగింది జనవరిలో తిన్న రుచి. అది వెన్నతోనే వస్తుంది.

దేవరకొండ కోట
ఓటీజీ లేని వాళ్ళ మాటేంది?

పాలమూరు వదిన
కుక్కర్ ఉన్నది కదా. రబ్బరు, విజిల్ రెండూ తీసెయ్యాలె. అడుగున రెండు గుప్పిళ్ళ ఉప్పు పోసి, మీద స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడి చెయ్యాలె. చిన్న స్టీలు గిన్నెలకు వెన్న రాసి, ఇంత మైదా చల్లి దులిపి, మూడింట రెండు వంతులే పిండి పొయ్యాలె. నిండా పోస్తే పొంగి పక్కకు కారుతది. సిమ్‌లో 25 నిమిషాలు. నీళ్ళు పొయ్యొద్దు, ఇది ఇడ్లీ కాదు. మా బిడ్డ హాస్టల్‌కు పోయేముందు ప్రతిసారీ పన్నెండు చేసి డబ్బాలో పెట్టిస్తాను. దోస్తులకు పంచి, తనకు ఒక్కటి కూడా మిగలలేదని ఫోన్ చేస్తది. పైన మాత్రం ఎర్రగా కాలవు, తెల్లగనే ఉంటయి. రుచిలో తేడా లేదు.

దేవరకొండ కోట
ఆ ఉప్పు మళ్ళీ కూరలో వాడొచ్చా?

పాలమూరు వదిన
కూరకు వద్దు. సీసాలో పోసి పక్కన పెట్టు, మళ్ళీ కేకుకే పనికొస్తది. నా దగ్గర మూడేండ్ల నుంచి అదే ఉప్పు.

సాగర్ కట్ట
మైక్రోవేవ్‌లో చేస్తే? మా ఇంట్లో అదే ఉంది.

గద్వాల కరెంటు
వేడి గాలి తిప్పే కన్వెక్షన్ ఉన్నదైతే ఆ మోడ్‌లో పెట్టి ఓటీజీ లాగే చేయొచ్చు. అప్పుడు ఇనుప ట్రే కూడా పెట్టొచ్చు. ఉత్త మైక్రో మోడ్ అయితే ఇనుము పెట్టనే వద్దు, నిప్పురవ్వలు వస్తాయి. అందులో కేకు రెండు నిమిషాల్లో ఉడుకుతుంది కానీ ఎర్రబడదు, చల్లారితే గట్టిపడుతుంది.

అచ్చంపేట దారి
మైదా పిల్లలకు మంచిది కాదు కదా. గోధుమ పిండి, బెల్లంతో చేయండి. నేను అలాగే చేస్తాను.

మిర్యాలగూడ బియ్యం
అక్కా, అది వేరే కేకు. మంచిదే, మా అమ్మ కూడా చేస్తుంది. దాన్ని వెనిల్లా కప్ కేక్ అంటే పిల్లలు ఒప్పుకోరు. పుట్టినరోజు ఏడాదికి ఒకటే వస్తుంది.

అచ్చంపేట దారి
ఒకటే అంటూ పది మంది దోస్తుల పుట్టినరోజులకు పది సార్లు తింటారు. నేనూ తల్లినే కదా, ఆ భయంతోనే చెప్పాను.

వనపర్తి టీచరమ్మ
మీ మాటలో న్యాయం ఉంది. సగం మైదా, సగం జల్లించిన గోధుమ పిండి వేసి చూడండి, రెండు చెంచాల పాలు ఎక్కువ పోయాలి. గోధుమ పొట్టు తడి ఎక్కువ పీలుస్తుంది. ఈ ఆదివారం మాత్రం ఆ అమ్మాయిని కొత్త ప్రయోగాల్లోకి దింపొద్దు.

లతీఫ్‌గుట్ట నీడ
నాదొక ప్రశ్న. మా ఇంట్లో కేకు ఎలా చేసినా నీసు వాసన అంటారు. వెనిల్లా రెండు చెంచాలు పోసినా పోదు.

పాలమూరు వదిన
గుడ్లు ఎప్పటివి? ఎండకు అంగట్లో రోజంతా పెట్టిన గుడ్లు తెస్తే నీసు వస్తది. నీళ్ళలో వేసి చూడు. అడుగున పడుకుంటే తాజాది, తేలితే పారెయ్.

వనపర్తి టీచరమ్మ
వెనిల్లాను మైదాలోనో పాలలోనో కాకుండా బటర్, చక్కెర గిలకొట్టేటప్పుడే వేయండి. కొవ్వు వాసనను పట్టి ఉంచుతుంది. ఎసెన్స్ మరీ ఎక్కువైతే చేదు, మందు వాసన వస్తుంది. పన్నెండింటికి ఒక టీ స్పూన్ చాలు. అలాగే కేకు వేడి మీద తిని తీర్పు చెప్పొద్దు. వేడిలో గుడ్డు వాసన పైకి కొడుతుంది, పూర్తిగా చల్లారాక వెనిల్లా తెలుస్తుంది.

దేవరకొండ కోట
షాపులో ఎసెన్స్ చిన్న సీసా చవగ్గా వస్తుంది. పక్కనే ఎక్స్‌ట్రాక్ట్ అని ఇంకోటి ఉంటుంది, దాని ధర చూసి గుండె ఆగింది. రెండింటికీ తేడా ఏంది?

వనపర్తి టీచరమ్మ
ఎసెన్స్ చాలావరకు ఫ్యాక్టరీలో తయారైన వెనిలిన్ అనే ఒక్క వాసన. ఎక్స్‌ట్రాక్ట్ నిజమైన వెనిల్లా కాయను నానబెట్టి తీసింది. ఆ తీగ మెక్సికోది. పువ్వు ఒక్క రోజే విచ్చుకుంటుంది. వేరే దేశాల్లో నాటితే పువ్వు పూసింది కానీ కాయ కాయలేదు, పరాగం మోసే పురుగు అక్కడ లేదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు సన్నటి పుల్లతో, బొటనవేలితో పువ్వును కలిపే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ్టికీ మడగాస్కర్‌లోనైనా, మన కేరళ, కర్ణాటక తోటల్లోనైనా ఒక్కో పువ్వునూ అలా చేత్తోనే కలుపుతారు. కాయ పక్వానికి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, తర్వాత ఎండబెట్టి మాగబెట్టడానికి ఇంకొన్ని నెలలు. అందుకే ఆ ధర. బడిలో పువ్వుల పాఠం చెప్పేటప్పుడు ఆ పిల్లవాడి సంగతి తప్పక చెబుతాను. వాడి వయసు పిల్లలే నా ముందు కూర్చుని ఉంటారు.

కొల్లాపూర్ మామిడి
ఇది నాకు తెలియదు టీచరమ్మా. మా తోటలో మామిడి పూతకు తేనెటీగలు రాని ఏడాది మేం పడే బాధ గుర్తొచ్చింది.

నారాయణపేట రుమాలు
మా అమ్మమ్మ గుడ్డు తినదు. అదే పళ్ళెంలో ఆమెకూ పెట్టాలని ఉంటుంది. గుడ్డు లేకుండా సరైన కొలత ఎవరి దగ్గరైనా ఉందా?

పానగల్లు పిల్ల
నాకూ కావాలి! మా అత్తమ్మ శనివారం ముట్టదు, ఆదివారం తింటుంది. కానీ వాళ్ళ అక్క, మా పెద్దత్తమ్మ, అసలే ముట్టదు. ఆమె కూడా వస్తోంది.

పాలమూరు వదిన
పెరుగుతో చెయ్యండి, నాది ఎప్పుడూ తప్పలేదు. పెరుగు ఒక కప్పు, అందులో చక్కెర ముప్పావు కప్పు కరిగేదాకా కలపాలె. అర టీ స్పూన్ తినే సోడా, ఒకటింబావు టీ స్పూన్ బేకింగ్ పౌడర్ వేసి అయిదు నిమిషాలు వదిలితే పెరుగు గిన్నెలో పైకి లేస్తది, చూడముచ్చటగా ఉంటది. అప్పుడు అర కప్పు నూనె, వెనిల్లా, ఆఖరికి ఒకటిన్నర కప్పుల మైదా. కలపంగనే లోపల పెట్టెయ్యాలె. కప్పంటే 240 మిల్లీలీటర్ల కొలత కప్పు. పెరుగు మరీ పుల్లగా ఉండొద్దు, ఈ ఎండకు పొద్దున తోడుపెట్టింది సాయంత్రానికి పులుస్తది.

సాగర్ కట్ట
ఒక హెచ్చరిక. సోడా వేయాల్సిన చోట సోడా, పౌడర్ వేయాల్సిన చోట పౌడర్. పౌడర్ అయిపోయిందని మా తమ్ముడు అదే కొలతకు సోడా వేశాడు. సోడా మూడు నాలుగు రెట్లు ఘాటు. కేకు పసుపుపచ్చగా, సబ్బు నాకినట్టు ఉండింది. కుక్క కూడా వాసన చూసి వెళ్ళిపోయింది.

మిర్యాలగూడ బియ్యం
కప్ కేక్ అనే పేరు కూడా కప్పు నుంచే వచ్చిందని చదివాను. 1796లోనే అమెరికా వంటల పుస్తకంలో చిన్న కప్పుల్లో కాల్చే కేకు ఉంది. తూనికలు లేని ఇళ్ళలో ఒక కప్పు వెన్న, రెండు కప్పుల చక్కెర, మూడు కప్పుల పిండి, నాలుగు గుడ్లు అని లెక్క గుర్తుపెట్టుకునేవాళ్ళట. మా నాయనమ్మ అరిసెలకు సోలలు, తవ్వలతో కొలిచినట్టే.

పానగల్లు పిల్ల
రేపు పొద్దున ఒక్క ఆరు చేసి చూస్తాను. సగం కొలత, ఒక్క గుడ్డు. టీచరమ్మా, బటర్ ఎంతసేపు బయట పెట్టాలో ఒక్క మాట చెప్పండి, రాసుకుంటాను.

వనపర్తి టీచరమ్మ
నిమిషాలు చెప్పను, వేలు పెట్టి చూడు. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంట అంచులు నిలబడాలి, వేలికి జిడ్డు మెరవకూడదు. తాకితే చల్లగానే ఉండాలి. ముక్కలుగా కోసి పెడితే ఈ ఎండకు అయిదు నుంచి పది నిమిషాల్లో అయిపోతుంది. గిలకొట్టే గిన్నె కింద చల్లటి నీళ్ళ పళ్ళెం పెట్టు, బీటర్ తిరిగే రాపిడికే బటర్ వేడెక్కుతుంది. మన చక్కెర పలుకు పెద్దది, మిక్సీలో ఒక్కసారి తిప్పి ఆపు. మరీ మెత్తటి పొడి చేయకు, అంచులు ఉండాలి. గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి పావుగంట ముందు తీయి. మరీ చల్లగా వేస్తే మిశ్రమం విరిగినట్టు అవుతుంది. అయినా భయపడకు, ఒక చెంచా మైదా వేసి కలిపితే దగ్గరికి వస్తుంది.

పానగల్లు పిల్ల
పొద్దున అయిదున్నరకు లేచి చేశాను. పూర్తిగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

బటర్‌ను చిన్న ముక్కలుగా కోసి పెట్టాను. ఏడు నిమిషాలకే వేలి గుంట నిలిచింది. మా ఇంట్లో మట్టి రంజన్ ఉంది, రాత్రంతా చల్లబడిన ఆ నీళ్ళను పెద్ద పళ్ళెంలో పోసి, దాని మీద స్టీలు గిన్నె పెట్టి బీటర్ తిప్పాను. మొదటి రెండు నిమిషాలు ఇసుక లాగే ఉంది. మూడో నిమిషంలో రంగు మారడం మొదలైంది. పసుపు పోయి లేత వెన్న రంగు, తర్వాత దాదాపు తెలుపు. గిన్నె అంచుకు పట్టిన ముద్ద జారకుండా అక్కడే నిలబడింది. మొన్నటికీ దీనికీ పోలికే లేదు. గుడ్డు గిలకొట్టి మూడు విడతలుగా పోశాను. రెండో విడతకు కొంచెం విరిగినట్టు అయింది, చెంచా మైదా వేయగానే సర్దుకుంది.

ఓటీజీ లైటు ఆరడానికి పదమూడు నిమిషాలు పట్టింది. మధ్య అరలో పెట్టాను. పది నిమిషాల దాకా తలుపు తీయలేదు, అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. కాగితం అంచు దాటి ఒక్కొక్కటే పైకి వచ్చాయి. పద్దెనిమిదో నిమిషానికి టూత్‌పిక్ శుభ్రంగా వచ్చింది. ఆరూ పొంగాయి. కాగితం పొడిగా ఉంది. బాబు నిద్ర లేచి, బ్రష్ కూడా చేయకుండా వంటింట్లోకి వచ్చి "సంక్రాంతి వాసన" అన్నాడు.

పాలమూరు వదిన
నా కడుపు నిండింది బిడ్డా.

గద్వాల కరెంటు
పదమూడు నిమిషాలంటే మీ ఓల్టేజీ పొద్దునే కొంచెం తక్కువ ఉంది. సాయంత్రం చేయొద్దు, ఆదివారం కూడా పొద్దునే చేయండి.

పానగల్లు పిల్ల
పొద్దునే చేస్తాను అన్నా. ఒక్కటి మాత్రం నడిమధ్యలో పగిలి కొండలా లేచింది, మిగతా అయిదు చదునుగా ఉన్నాయి. ఎందుకు?

వనపర్తి టీచరమ్మ
అది ఏ మూల ఉండింది? వెనక మూల అయితే అక్కడ వేడి ఎక్కువ. పైభాగం ముందే గట్టిపడి, లోపలి పిండి దాన్ని చీల్చుకుని వచ్చింది. పన్నెండో నిమిషం దాటాక ట్రేను ఒకసారి తిప్పి పెట్టు. పిండి కూడా ఆ ఒక్కదాంట్లో ఎక్కువ పోసి ఉంటావు.

పానగల్లు పిల్ల
వెనక మూలే! గిన్నె ఊడ్చిన పిండంతా దాంట్లోనే పోశాను.

నారాయణపేట రుమాలు
పైన క్రీమ్ ఏం పెడుతున్నారు?

పానగల్లు పిల్ల
బటర్‌క్రీమ్ అనుకున్నాను. ఇప్పుడు టీచరమ్మ లెక్క చదివాక భయమేస్తోంది.

లతీఫ్‌గుట్ట నీడ
వద్దు. పోయిన ఏడు మే నెలలో పెట్టాను. కేకు కోసేదాకా కూడా ఆగలేదు, గులాబీ పువ్వులన్నీ పక్కకు జారి పళ్ళెంలోకి వచ్చాయి. కూలర్ గాలికి ఇంకా త్వరగా జారింది.

కొల్లాపూర్ మామిడి
ఇది బేనీషాన్ పండ్ల కాలం. పండును చిన్న ముక్కలు కోసి ఫ్రిజ్‌లో పెట్టండి. చిక్కటి కోవాలో చక్కెర పొడి, రెండు చెంచాల పాలు కలిపి మెత్తగా చేసి, వడ్డించే ముందు కేకు మీద చెంచాతో రాసి, మీద మూడు ముక్కలు పెట్టండి. కోవా వెన్నలా కారిపోదు. ముందే పెట్టి ఉంచొద్దు, ఎండకు కోవా పాడవుతుంది. తోట కాయ కావాలంటే చెప్పండి, నల్లగొండ బస్సులో ఒక పెట్టె వేస్తాను.

పాలమూరు వదిన
కేకులు చల్లారినంక డబ్బాలో పెట్టు, వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి కాగితం ఊడిపోతది. చీమలు రాకుండా డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టు.

పానగల్లు పిల్ల
(ఆదివారం రాత్రి)
నాలుగు వాయిలు, ప్రతి వాయికీ పిండి విడిగా. పెద్దత్తమ్మకు పెరుగు కొలతలో సగం వేసి విడిగా ఆరు. మూడో వాయికి వంటిల్లు వేడెక్కింది, బటర్ మూడు నిమిషాలకే మెత్తబడింది. గడియారం చూడలేదు, వేలితోనే చూశాను. అన్నీ పొంగాయి. కోవా, మామిడి ముక్కలు పిల్లల ముందే పెట్టాం, పెట్టే పని వాళ్ళే లాక్కున్నారు. పెద్దత్తమ్మ ఒకటి తిని, ఇంకొకటి కొంగులో చుట్టుకుని పక్కింటామెకు ఇచ్చి "మా కోడలు చేసింది, గుడ్డు లేదు" అని చెప్పి వచ్చింది.

టీచరమ్మా, మీ ఊరు మీదుగా ఎప్పుడు వచ్చినా డబ్బాతో వస్తాను.

వనపర్తి టీచరమ్మ
రా తల్లీ. బాబును కూడా తీసుకురా, ఎడ్మండ్ కథ వాడికి నేను చెబుతాను.

లతీఫ్‌గుట్ట నీడ
మా చెల్లె కూడా ఇవాళ చేసింది. మొదటిసారి పొంగిందట. ఫోన్‌లో మాట్లాడుతూనే ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

దేవరకొండ కోట
కుక్కర్‌లో పెట్టాను. విజిల్ తీశాను, రబ్బరు తీశాను. ఇరవై నిమిషాలైంది, మంచి వాసన వస్తోంది. ఇప్పుడు మూత తీసి చూడొచ్చా వదినా?

పాలమూరు వదిన
ఇంకో అయిదు నిమిషాలు ఆగు.